1924 భూప్రదక్షిణం: పైలట్ల ఫొటోలు సరే, పొంటూన్ల లెక్క ఎవరు రాస్తారు?

విమానంలో మొదటిసారి ప్రపంచాన్ని చుట్టిరావడం గురించి ఏ పోస్టు చూసినా అవే ముక్కలు: ధైర్యం, తెగువ, తుఫాను. ధైర్యం లేదని ఎవరన్నారు? ఒక్క ధైర్యంతోనే అయ్యే పనైతే, అదే ఏడాది బయల్దేరిన బ్రిటిష్ పైలట్ మెక్‌లారెన్ కూడా చుట్టి వచ్చేసేవాడే. ఆ పందెంలో అమెరికా సైన్యాన్ని గెలిపించింది స్టోర్స్ రిజిస్టరు.

1924 ఏప్రిల్ 6న సియాటిల్ నుంచి అమెరికా సైన్యం నాలుగు డగ్లస్ వరల్డ్ క్రూయిజర్ విమానాలు లేచాయి. వాటిలో రెండు సెప్టెంబర్ 28న తిరిగొచ్చాయి. మొత్తం 175 రోజులు, గాల్లో ఉన్నది మాత్రం 371 గంటల 11 నిమిషాలు. అంటే పదహారు రోజులు కూడా లేదు. మిగతా కాలమంతా ఏం చేశారు? వాతావరణం కోసం కాచుకోవడం, ఊళ్లలో సన్మానాలు, అన్నిటికీ మించి రిపేర్లు.

ఇవి నేవీ టార్పెడో విమానం డీటీ-2ని మార్చి కట్టినవి. దాంట్లో పెట్రోలు 115 గ్యాలన్లు పట్టేది, దీంట్లో 644. ఇంజిన్ మాత్రం 12 సిలిండర్ల లిబర్టీ, సుమారు 420 గుర్రాల బలం. ఆ ఇంజిన్ ఒక్కటే 371 గంటలు లాగుతుందని ఎవరూ అనుకోలేదు. అందుకే దారి పొడవునా 15 స్పేర్ ఇంజిన్లు, 14 జతల పొంటూన్లు (నీళ్ల మీద దిగి తేలడానికి విమానం కింద బిగించే బోలు తెప్పలు), ఇంకో రెండు విమానాలకు సరిపడా భాగాలు ముందే పంపి ఉంచారు. చల్లటి చోట్లకు చిన్న రేడియేటర్, ఉష్ణదేశాలకు పెద్దది. "ఇంజిన్లు మార్చారుగా, అదేం రికార్డు?" అనేవాళ్లకు ఒకటే మాట: మార్చడమే ప్లాన్.

అసలు తలనొప్పి పొంటూన్లు. అలల్లేని నీళ్లు పొంటూన్‌ను అంటుకుని వదలవు, విమానం లేవడం కష్టం. పైగా వేడిగాలి పలచన, కాబట్టి ఇంజిన్‌కి బలం తగ్గుతుంది, రెక్కకీ ఎత్తే శక్తి తగ్గుతుంది. పెట్రోలు తగ్గించుకుంటే లేస్తుంది, కానీ దూరం పోదు. అందుకే హుగ్లీలో దిగాక కలకత్తాలో పొంటూన్లు విప్పి చక్రాలు బిగించారు. అక్కణ్నుంచి అలహాబాద్, అంబాలా, ముల్తాన్, కరాచీ. అట్లాంటిక్ దాటడానికి ఇంగ్లండ్‌లో మళ్లీ పొంటూన్లు.

స్పేర్లు కాపాడిన చోటు: వియత్నాంలోని హ్యూ దగ్గర, 'చికాగో' అనే విమానం ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ విరిగి మడుగులో దిగింది. తెడ్ల పడవలతో ఊరికి లాక్కెళ్లి కొత్త ఇంజిన్ ఎక్కించారు. కాపాడలేని చోట్లూ ఉన్నాయి. అలాస్కాలో పొగమంచులో 'సియాటిల్' కొండను గుద్దింది. మనుషులు బతికారు, విమానం పోయింది. ఫారో దీవుల దగ్గర 'బోస్టన్' ఆయిల్ ప్రెజర్ పడిపోయి సముద్రంలో దిగితే, యుద్ధనౌక పైకెత్తబోయి ఇంకా పాడుచేసింది. లాక్కెళ్తుండగానే మునిగింది. ఆఖరికి పూర్తిగా చుట్టివచ్చినవి రెండే, 'చికాగో', 'న్యూ ఆర్లియన్స్'. మూడో విమానం, మునిగినదాని బదులు వచ్చిన 'బోస్టన్ 2', కెనడాలోని నోవా స్కోషియాలో కలిసింది, కాబట్టి "మూడు విమానాలు చుట్టొచ్చాయి" అని రాసేవాళ్లు దయచేసి సరిచేసుకోండి.

వీళ్లు భూమధ్యరేఖ దాటలేదన్న వాదన మాత్రం న్యాయమైనదే. దాన్ని దాటి చుట్టిన ఘనత 1930లో పూర్తిచేసిన ఆస్ట్రేలియా పైలట్ కింగ్స్‌ఫోర్డ్ స్మిత్‌ది. అలాగని 1931లో 8 రోజుల 16 గంటల్లోపు చుట్టిన అమెరికా పైలట్ వైలీ పోస్ట్‌ను ఆకాశానికెత్తి వీళ్లను తక్కువ చేస్తే ఎలా? ఆయన తిరిగింది ఉత్తర అక్షాంశాల్లో, దాదాపు 25,000 కిలోమీటర్లు. వీళ్లది 44,000.

మెక్‌లారెన్ విమానం బర్మాలోని అక్యాబ్‌లో విరిగినప్పుడు జపాన్‌లో ఉన్న స్పేర్ విమానాన్ని అక్కడికి మోసుకెళ్లింది, పోటీదారులైన అమెరికా వాళ్ల నౌకే.