వరదకు ముందే సర్టిఫికెట్టు

మన స్వచ్ఛంద సంస్థలకు పట్టిన దరిద్రం ఎట్టకేలకు వదిలింది. ఆపదలో అన్నం పెట్టే సిబ్బందిని కృత్రిమ మేధకు సన్నద్ధం చేసే ఒకరోజు శిక్షణ విజయవాడకు వచ్చింది. బందరు రోడ్డులో ఏసీ హాలు, మెడలో ట్యాగు, మధ్యాహ్నం పనీర్ కూర. దారి ఖర్చులు మాత్రం ఎవరివి వారివే.

వచ్చినవారు ఎవరనుకున్నారు? 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, పడవ దూరని సందుల్లోకి పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని దిగినవారు. ఏ మేడ మీద బాలింత ఉందో, ఎవరికి ఇన్సులిన్ అయిపోయిందో కాగితం చూడకుండా చెప్పినవారు. ఇంత అజ్ఞానాన్ని ఉపేక్షిస్తే ఎలా?

శిక్షకుడు ముందు వరుసలోని పెద్దావిడ చేత ఫోనులో ప్రశ్న వేయించాడు: ‘బుడమేరు పొంగింది, ఏం చేయాలి?’ యంత్రం తడుముకోలేదు. ఆందోళన చెందవద్దంది. ఎత్తైన చోటికి వెళ్లమంది. స్థానిక స్వచ్ఛంద సేవకులను సంప్రదించమంది. ఆవిడ పక్కావిడను మోచేత్తో పొడిచింది. ‘‘మనల్నేనా?’’ ‘‘మనల్నే.’’ హాలంతా చప్పట్లు.

జవాబు పదునెక్కాలంటే యంత్రానికి ఒక పాత్ర అప్పగించాలట. ‘నువ్వు ముప్పై ఏళ్ల అనుభవమున్న సహాయ కార్యకర్తవు అనుకో’ అని రాయించాడు. ముప్పై ఏళ్ల అనుభవమున్న ఆ సహాయ కార్యకర్త కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరమే కొట్టింది. యంత్రం అలాగే అనుకుంది. పాత సలహాలనే వరుస సంఖ్యలు వేసి మళ్లీ ఇచ్చింది. ఈసారి ఎత్తైన చోటికి ‘వెంటనే’ వెళ్లమంది. అనుభవమంటే అదీ!

భోజనాల తర్వాత అసలు ఘట్టం. లబ్ధిదారుల జాబితాను ఫొటో తీసి యాప్‌లో పెడితే నిమిషంలో నివేదిక తయారట. జాబితా అంటే పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బో. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సమాచారానికే హ్యాకర్లు కన్నం వేసిన సంగతి 2022 జనవరిలో బయటపడింది. తప్పిపోయినవారు, నిర్బంధంలో ఉన్నవారు సహా 5,15,000 మందికి పైగా వివరాలు వారి చేతిలో పడ్డాయి. అంతటి సంస్థకే దిక్కులేకపోతే, ఎవరో ఉచితంగా ఇచ్చిన యాప్‌ను నమ్మి ఊరి జనం గుట్టంతా అందులో పోస్తారా? బియ్యం సంచి కోసం క్యూలో నిలబడిన మనిషి తన రోగం పేరు మీకు చెప్పింది మందు తెస్తారని. మీ నివేదిక ముస్తాబుకు కాదు! ఆకలితో ఉన్నవాడు కాగితం చదవకుండా సంతకం పెడతాడు. దాన్ని సమ్మతి అనడానికి నోరెలా వస్తుంది? సిగ్గుండాలి.

ఇదే మాట పెద్దావిడ మర్యాదగా అడిగింది. ‘‘ఈ పేర్లన్నీ ఎక్కడికి పోతాయి బాబూ?’’ అది తర్వాతి స్థాయి శిక్షణలో వస్తుందని, దానికి ఫీజు వేరని జవాబు. సాయంత్రం సన్నద్ధత మార్కులు వేశారు. ఒక్క ప్రశ్నా అడగనివారికి అయిదుకు అయిదు. ఆవిడకు రెండు.