నీలం తలుపు, గొట్టం వాన

‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునెరల్’ అంటే పక్కా ఇంగ్లిష్ ప్రేమకథ, నవ్వుల సినిమా అని పేరు. కానీ 1994లో అది ముందు ఆడింది అమెరికాలో. అక్కడ మార్చిలో విడుదలైతే, సొంతగడ్డ మీద థియేటర్లకు వచ్చేసరికి మే నెల అయింది. అమెరికావాళ్లు మెచ్చారన్న పేరు మోసుకుని మరీ ఇంటికొచ్చింది. 30 లక్షల పౌండ్లు కూడా ఖర్చు కాని సినిమా, లోకమంతా కలిపి 20 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. తర్వాతి పదేళ్లలో అదే వర్కింగ్ టైటిల్ సంస్థ నుంచి వచ్చిన ‘నాటింగ్ హిల్’ (1999), ‘బ్రిడ్జెట్ జోన్స్’స్ డైరీ’ (2001), ‘లవ్ యాక్చువల్లీ’ (2003) ఆ లెక్క చూసుకుని తీసినవే.

గుంటూరు యార్డులో ఎగుమతి సరుకును ఎలా తయారుచేస్తారో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. తాలుకాయ ఏరేస్తారు, తొడిమ తీసేస్తారు, బస్తా అంతా ఒకే రంగు ఉండేట్టు చూస్తారు. ఈ సినిమాలు ఇంగ్లిష్ మనిషిని అలాగే గ్రేడింగ్ చేసి పంపాయి. ఫీజులు కట్టే బడిలో చదివిన యాస, నలిగిన చొక్కా, నోటి నిండా ‘సారీ’లు. ఉద్యోగం ఉందో లేదో తెలియదు గానీ డబ్బుకు కటకట మాత్రం ఎక్కడా కనపడదు. పక్కన ఒక అమెరికన్ తార తప్పనిసరి: యాండీ మెక్‌డోవెల్, జూలియా రాబర్ట్స్. ‘బ్రిడ్జెట్’లో టెక్సస్ అమ్మాయి రెనే జెల్వెగర్ చేత ఇంగ్లిష్ యాస పలికించారు. వేరే సంస్థ తీసిన ‘స్లైడింగ్ డోర్స్’ (1998)లో గ్వినెత్ పాల్ట్రోదీ అదే కథ. లివర్‌పూల్ యాస, బర్మింగ్‌హామ్ యాస, తూర్పు లండన్ సందుల భాష, ఇవన్నీ తాలుకాయల కింద లెక్క.

ఒక్క విషయంలో మాత్రం ఈ సినిమాలకు దండం పెట్టాలి. మాట తీరు. ‘ఫోర్ వెడ్డింగ్స్’లో హ్యూ గ్రాంట్ థేమ్స్ ఒడ్డున సౌత్ బ్యాంక్ మీద ఆ అమ్మాయి వెంట పరుగెత్తుకెళ్లి ప్రేమ సంగతి చెబుతాడు. చెప్పడమా అది! ముందు రెండు సారీలు. తర్వాత, ఇది చాలా తెలివితక్కువ ప్రశ్న అని ఒప్పుకోలు. నాలుగు వాక్యాలు మొదలుపెట్టి నాలుగూ మధ్యలో వదిలేస్తాడు. చివరికి తన మనసులో మాటను డేవిడ్ కాసిడీ అనే పాత పాప్ గాయకుడి పాటలో మాటగా చెప్పి, ఆ గాయకుడు అప్పట్లో ఏ బృందంలో ఉండేవాడో కూడా జోడిస్తాడు. అంటే, కాదంటే పోయేది కాసిడీ పరువే, మనది కాదు. ‘బ్రిడ్జెట్’లో కాలిన్ ఫర్త్ మెచ్చుకోలూ అంతే: ముందు ఆ పిల్లలోని లోపాలన్నీ వరసగా ఏకరువు పెట్టి, ఆఖర్న, అయినా నువ్వు నువ్వుగానే నచ్చావంటాడు.

ఇది అచ్చమైన నిజం. ఇక్కడ బ్రిటన్ ఆఫీసుల్లో రోజూ వినపడేదే. మీ పని ‘క్వైట్ గుడ్’ అన్నారంటే పొంగిపోవద్దు, ఏదో పర్వాలేదని. ‘నాట్ బ్యాడ్’ అన్నారా, అది నిజమైన మెచ్చుకోలు. ‘ఓసారి మా ఇంటికి భోజనానికి రావాలి’ అని తేదీ చెప్పకుండా అన్నారంటే అది పిలుపు కాదు, వీడ్కోలు. మనకు మాత్రం ఇది కొత్తా? సంబంధం నచ్చకపోతే ‘జాతకాలు కలవలేదండీ’ అంటాం. ‘చూద్దాంలెండి’ అన్నామంటే చూడమని ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. తేడా అల్లా వడ్డన దగ్గర. మనం ‘వద్దండీ’ అంటే అది మొదటి వద్దు మాత్రమే, మూడోది దాకా లెక్కలోకి రాదు. వాళ్లు ఒకసారి అడుగుతారు, వద్దంటే గిన్నె తీసుకెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆకలితో ఇంటికి రావడం ఇందువల్లే.

సినిమా దాచిపెట్టేది ఇంకొకటుంది. ఆ తడబాటు ముద్దొచ్చేది ఆ యాసలో కాబట్టి. అదే నసుగుడు, అవే సారీలు ఉత్తరాది ఊరు బ్లాక్‌బర్న్ కుర్రాడో మన తెనాలి కుర్రాడో ఇంటర్వ్యూలో చూపిస్తే ‘కాన్ఫిడెన్స్ తక్కువ’ అని మెయిలొస్తుంది. తడబడటం కూడా కొందరికే దక్కే సౌకర్యం అన్నది ఈ దేశంలో తొందరగా నేర్చుకోవాల్సిన పాఠం.

ఇక డబ్బు. ‘నాటింగ్ హిల్’ కథానాయకుడిది ప్రయాణాల పుస్తకాలు మాత్రమే అమ్మే కొట్టు, అదీ నష్టాల్లో. అయినా నీలం తలుపు ఉన్న ఇంట్లో ఉంటాడు, ఒక్కడంటే ఒక్క అద్దెదారుతో. ఉన్న ఇంట్లో ఒక గది అద్దెకిస్తే పన్ను లేకుండా తీసుకోగలిగింది ఆ రోజుల్లో ఏడాదికి 4,250 పౌండ్లు. 2016 నుంచి అది 7,500. దాంతో అలాంటి కొట్టు నిలబడదు. నిజంగానే నిలబడలేదు. ఈ కథకు ఊపిరి పోసిన అసలు ట్రావెల్ బుక్‌షాప్ బ్లెనిమ్ క్రెసెంట్‌లో ఉండేది, 2011లో మూతపడింది. బ్రిడ్జెట్ ఫ్లాట్ బరో మార్కెట్‌లో పబ్బు పైన, రైలు వంతెన పక్కన. ఒంటరిగా, నగరం నడిబొడ్డైన జోన్ ఒకటిలో. ఆమెకు కలిసొచ్చేది ఒంటరివాళ్లకు కౌన్సిల్ ట్యాక్స్‌లో, అంటే స్థానిక ఇంటి పన్నులో ఇచ్చే 25 శాతం తగ్గింపు ఒక్కటే. అసలు లండన్ హాస్యం అంతా ఇక్కడే ఉంది. ఐదుగురు ఒకే బాత్రూమ్‌కు వరస కట్టే ఇల్లు, ఫ్రిజ్‌లో పేర్లు రాసుకున్న పెరుగు డబ్బాలు, పప్పు పోపుకు మోగే ఫైర్ అలారం. ఐదుగురో అంతకు మించో వేరువేరు కుటుంబాలవాళ్లు వంటిల్లు పంచుకుంటే ఇంటి యజమానికి హెచ్.ఎం.ఓ. (పలు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇల్లు) లైసెన్సు ఉండాలి. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించి అడగకూడదు. కొత్తగా దిగిన విద్యార్థికి ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలా మోసాలు గుమ్మంలోనే ఆగిపోతాయి. ఏ ప్రేమకథలోనూ ఎవరూ డిపాజిట్ గురించి పోట్లాడుకోరు.

‘నాటింగ్ హిల్’ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పెద్ద తప్పు అక్కడే జరిగింది. ప్రియురాలు వెళ్లిపోయాక అతను పోర్టొబెల్లో రోడ్డు మీద సంత మధ్య నడుస్తూ పోతాడు. ఆ ఒక్క నడకలో ఏడాది గడిచిపోతుంది: ఎండ, వాన, మంచు, మళ్లీ వసంతం. గొప్పగా తీశారు, సందేహం లేదు. కానీ ఆ ఏడాదిలో ఆగస్టు ఎక్కడ? ఆగస్టు చివరి ఆది, సోమవారాల్లో ఆ పేటలో కార్నివాల్ జరుగుతుంది. వీధుల్లోకి వచ్చింది 1966లో. కరీబియన్ డప్పులు, రంగురంగుల వేషాలు, కాలు పెట్టడానికి సందుండదు. దుకాణాలవాళ్లు అద్దాలకు చెక్కలు బిగించుకుంటారు. అంతకు ముందు 1958లో అదే వీధుల్లో నల్లవాళ్ల మీద గుంపులుగా దాడులు జరిగాయి. నీలం తలుపు ఉన్న వెస్ట్‌బోర్న్ పార్క్ రోడ్డు మీదే కాస్త తూర్పుకు నడిస్తే ఆల్ సెయింట్స్ రోడ్డు. అక్కడ 1968లో ఫ్రాంక్ క్రిచ్లో అనే ఆయన, నల్లవాళ్లు కలుసుకునే మాంగ్రోవ్ అనే హోటల్ తెరిచాడు. పోలీసులు మాటిమాటికీ సోదాలు చేస్తే జనం ఊరేగింపు తీశారు, అందుకు కొందరి మీద పెట్టిన కేసు దేశమంతా మారుమోగింది. పేట పేరునే టైటిల్‌గా పెట్టుకున్న సినిమాలో వీటి వాసన కూడా లేదు. 2001 జనగణన నాటికే లండన్‌లో తెల్ల బ్రిటిషర్లు 60 శాతం. 2021లో 37 శాతం కూడా లేరు. సినిమా మాత్రం కెమెరాను ఒక పక్కకే తిప్పి నిలబెట్టింది.

క్లైమాక్స్‌లో మిత్రబృందమంతా ఒక చిన్న కారులో కిక్కిరిసి, ముందు రిట్జ్ హోటల్‌కి, అక్కణ్ణుంచి సావోయ్‌కి పరుగులు పెడతారు. దారిలో ఒకడు దిగి ట్రాఫిక్‌నే ఆపేస్తాడు. ఆ ఊరివాడెవడూ చేయని పని. నాటింగ్ హిల్ గేట్‌లో ట్యూబు (మెట్రో) రైలు సర్కిల్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా ఎంబాంక్‌మెంట్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి సావోయ్ నాలుగడుగులు. 2003 నుంచి నగరం నడిబొడ్డుకు కారు తెస్తే రుసుం కూడా కట్టాలి. 5 పౌండ్లతో మొదలై 2020కి 15 అయింది. ట్యూబులో క్లైమాక్స్ తీస్తే హీరో ఫోన్ చూసుకుంటూ నిలబడాలి, అదీ ఇబ్బంది.

వానకు వద్దాం. లండన్‌లో ఏడాదికి పడేది దాదాపు 600 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో అంతకన్నా ఎక్కువే కురుస్తుంది. కాకపోతే మనకు నాలుగు నెలల్లో కుమ్మరించేసేదాన్ని ఇక్కడ వందకు పైగా రోజుల మీద తుంపర తుంపరగా చల్లుతారు. ఆ తుంపర కెమెరాకు చిక్కదు. చినుకు సన్నం, వెనక నుంచి లైటు పడితే తప్ప తెర మీద కనపడదు. అందుకని పైన గొట్టాలు కట్టి లావు చినుకులు కురిపిస్తారు, రాత్రి సీన్లయితే దీపాల మెరుపు కోసం రోడ్డు కూడా తడుపుతారు. ‘ఫోర్ వెడ్డింగ్స్’ చివర్లో ఇద్దరూ నిలువునా తడిసి ముద్దయ్యే వాన ఆ తరహాదే. అంత వానలో లండన్‌వాడు నిలబడి ముద్దు పెట్టుకోడు, బస్‌స్టాపు నీడకు పోతాడు. ఇక క్రిస్మస్ మంచు అంటే, చాలా ఏళ్లు ఆకాశం బూడిద రంగులో ఉంటుంది, నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, అంతే. తొలి డిసెంబరులో మన పిల్లల్ని కుంగదీసేది చలి కాదు, ఆ చీకటి. అది ఏ సినిమాలోనూ లేదు, ఉంటే టికెట్లు తెగవు.

పెళ్లిళ్ల విషయంలో సినిమాను నమ్మినవాళ్లు నిజంగానే ఇబ్బంది పడతారు. ‘ఫోర్ వెడ్డింగ్స్’లో ‘అభ్యంతరం ఎవరికైనా ఉందా’ అని ఫాదర్ అడగ్గానే హీరో తమ్ముడు సైగలతో అడ్డు చెబుతాడు, పెళ్లి ఆగిపోతుంది. ఆ ప్రశ్న చట్టపరమైన అడ్డంకుల గురించి: ఇదివరకే పెళ్లయిందా, దగ్గరి రక్తసంబంధమా, వయసు చాలదా. మనసు వేరొకరి మీద ఉండటం అందులో రాదు. ఇంగ్లండ్‌లో అసలు పని అంతకు ముందే జరుగుతుంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పెళ్లి కానివాళ్లు తమ జిల్లాలో ఏడు రోజులు నివాసముండి, స్థానిక రిజిస్టర్ ఆఫీసులో స్వయంగా నోటీసివ్వాలి. 28 రోజులు ఆగాలి. ఇమ్మిగ్రేషన్ పరిశీలనకు వెళ్తే 70 రోజుల దాకా పట్టొచ్చు. మామూలు విజిటర్ వీసా మీద వచ్చి ఇక్కడ పెళ్లి చేసుకోవడం కుదరదు, దానికి మ్యారేజ్ విజిటర్ వీసా వేరే ఉంది. అద్దెకు తీసుకున్న హాల్లో పురోహితుడు కట్టించిన తాళికి చట్టం దృష్టిలో విలువ లేదు, అందుకే మనవాళ్లు రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు వేరే పెడతారు. ముహూర్తం ఖాయం చేసుకుని, శుభలేఖలు అచ్చేయించాక ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు బోల్తా పడేది ఈ 28 రోజుల దగ్గరే.

‘లవ్ యాక్చువల్లీ’లో పిల్లాడు హీత్రోలో భద్రతా సిబ్బందిని దాటుకుని గేటు దాకా పరుగెత్తడం గురించి చెప్పేదేముంది, ఎవరూ ప్రయత్నించకండి. అరైవల్స్ దగ్గర కౌగిలింతలు మాత్రం నిజంవే, దాచిపెట్టిన కెమెరాలతో తీశారు. అమ్మానాన్నలు ట్రాలీ తోసుకుంటూ వచ్చేది ఆ గుమ్మంలోంచే. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి: నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు ఇండియా నుంచి తేకూడదు. గోంగూర పచ్చడికి ఆ బాధ లేదు.

ఇలాంటి కథలు మరోలా తీయలేరా అంటే, తీశారు. 2023లో రెయిన్ ఆలెన్-మిల్లర్ ‘రై లేన్’ తీసింది. దక్షిణ లండన్‌లోని పెక్కమ్, బ్రిక్స్‌టన్‌లలో ఒక్క రోజు కథ. హీరో హీరోయిన్లు ఇద్దరూ నల్లజాతి లండన్‌వాళ్లే. గంటన్నర కూడా లేదు. రెండు పేటల మధ్య 37వ నంబరు బస్సు నడుస్తుంది, ఆ దూరం కథలో నమ్మేట్టుగానే ఉంటుంది. మార్కెట్ కొట్లు, అరటికాయల బుట్టలు, సవరాల షాపులు తెర నిండా. పాత సినిమాలకు చురక కూడా ఉంది: కాలిన్ ఫర్త్ బురిటోలు అమ్మే కొట్లో ఇలా కనపడి అలా మాయమవుతాడు. ఇంత హాయిగా నవ్వించడానికి రిట్జ్ హోటల్ అవసరం రాలేదు. మన తెలుగువాళ్లు మాత్రం ఇక్కడికి పాటకు వచ్చినా ప్రేమకథకు వచ్చినా వంతెన, గడియారం, ఎర్ర బస్సు దాటరు. 2018 నాటి ‘తొలిప్రేమ’ సగం కథ లండన్‌లోనే నడుస్తుంది. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో ఇడ్లీ తింటూ పోట్లాడుకునే జంట కోసం ఇంకా ఎదురుచూడాలి.

సెలవు రోజున నీలం తలుపు చూద్దామనుకుంటే లాడ్‌బ్రోక్ గ్రోవ్ స్టేషన్‌లో దిగండి. శనివారం వద్దు, పురాతన వస్తువుల సంతతో పోర్టొబెల్లో రోడ్డు ఇసుక వేస్తే రాలదు. తలుపు 280, వెస్ట్‌బోర్న్ పార్క్ రోడ్డు. సినిమాలో తలుపు ఎప్పుడో వేలంలో పోయింది. తర్వాత పెట్టిన తలుపు కొన్నాళ్లు నల్లగా ఉండి మళ్లీ నీలం అయింది. లోపల మనుషులు కాపురముంటున్నారు, మెట్ల మీద కూర్చోకండి. ఫొటో అయ్యాక అదే రోడ్డు మీద తూర్పుకు నడిచి ఆల్ సెయింట్స్ రోడ్డులోకి తిరగండి. 8వ నంబరు దగ్గర ఫ్రాంక్ క్రిచ్లో పేరుతో ఫలకం ఉంటుంది. అక్కడ ఫొటోకు వరసలో నిలబడక్కర్లేదు.