డాక్యుమెంటేషన్‌లో చిన్న తప్పు ఎవరు దిద్దాలి?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాండమ్ అనే మాడ్యూల్ (సిద్ధంగా ఉన్న ఫంక్షన్ల కట్ట) ఉంది. అందులోని యూనిఫామ్ ఫంక్షన్‌కు రెండు సంఖ్యలు ఇస్తే వాటి మధ్య ఏదో ఒక దశాంశ సంఖ్య ఇస్తుంది. వచ్చే సంఖ్య ఎప్పుడూ రెండో సంఖ్య కంటే తక్కువే ఉంటుందని పైథాన్ 2.5 కాలం నాటి మాన్యువల్‌లో రాసి ఉండేది. కంప్యూటర్ దశాంశాలను రౌండ్ చేసే తీరు వల్ల ఒక్కోసారి సరిగ్గా ఆ రెండో సంఖ్యే రావచ్చు. తర్వాతి మాన్యువల్స్‌లో 'తక్కువ' గుర్తు పక్కన సమాన గుర్తు చేరింది. చివరి విలువ రావడం, రాకపోవడం రౌండింగ్‌ను బట్టి ఉంటుందని ఇంకో వాక్యం కూడా పెట్టారు. కోడ్ మాత్రం అదే.

ఇలాంటి దిద్దుబాట్లను మన ప్రోగ్రామర్లు పని కింద లెక్కేయరు. కొత్త ఫీచర్ రాస్తే గొప్ప, బగ్ పట్టుకుంటే గొప్ప. మాన్యువల్‌లో ఒక గుర్తు సరిచేశానంటే 'ఓస్, అంతేనా' అంటారు. తప్పు చిన్నదా పెద్దదా అని తేల్చడానికి అక్షరాలు లెక్కపెడితే సరిపోదు, దాని దగ్గర ఎవరు ఇరుక్కుంటున్నారో చూడాలి అని నేనంటాను. దాన్ని దిద్దడానికి అందరికంటే తగినవాళ్లు కూడా అక్కడ ఇరుక్కున్నవాళ్లే.

స్పెల్లింగ్ తప్పితే పెద్దగా నష్టం లేదు, చదివేవాళ్ల కన్నే సరిచేసుకుంటుంది. 'కాదు' అని ఉండాల్సిన చోట ఆ మాట ఎగిరిపోయినా, డిఫాల్ట్ విలువ (మనం ఏమీ ఇవ్వకపోతే వాడుకునేది) ట్రూ అయితే ఫాల్స్ అని పడినా, ఉదాహరణలో పాత వెర్షన్ ఫంక్షన్ పేరు మిగిలిపోయినా సంగతి వేరు. పదేళ్ల అనుభవం ఉన్న ఇంజినీర్ ఒకసారి రన్ చేసి చూసి, డాక్యుమెంట్‌దే తప్పని తేల్చుకుని ముందుకు పోతాడు. మొదటి సెమిస్టర్ విద్యార్థికి ఆ ధైర్యం ఉండదు. పుస్తకంలో ఉన్నది కరెక్టే, నాకే బుర్రకెక్కలేదు అనుకుంటాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు అనుమానం రెండింతలు. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా, తన ఇంగ్లిష్‌లో ఉందా? అమీర్‌పేట కోచింగ్ సెంటర్ జిరాక్స్ నోట్స్‌లో తప్పు కనిపిస్తే 'సార్ తప్పు రాశారు' అనే కుర్రాడు కూడా అధికారిక మాన్యువల్ ముందు నోరెత్తడు.

సరే, ఎవరో ధైర్యం చేశారనుకుందాం. మాన్యువల్ ఒకటి చెబుతోంది, కోడ్ ఇంకొకటి చేస్తోంది. ఇందులో దేన్ని మార్చాలి? ఇక్కడే చిన్న పని కాస్తా పెద్దదవుతుంది. ఎందుకంటే భాష మాన్యువల్‌లో రాసిన ప్రతి వాక్యం ఒక హామీ.

పైథాన్ డిక్షనరీల కథే చూడండి. ఒక్కో పేరుకు ఒక్కో విలువను జతచేసి దాచుకునే ఏర్పాటు అది. 2016 డిసెంబర్‌లో వచ్చిన 3.6లో మెమరీ ఆదా కోసం డిక్షనరీని లోపల కొత్తగా కట్టారు. దాంతో మనం వేసిన వరుసలోనే అంశాలు తిరిగి వచ్చేవి. అయితే ఇది లోపలి ఏర్పాటు మాత్రమే, దీన్ని నమ్ముకోవద్దు అని ఆ వెర్షన్ డాక్యుమెంటేషన్ స్పష్టంగా హెచ్చరించింది. ఎవరు వింటారు? కళ్ల ముందు వరుస కనిపిస్తుంటే జనం నమ్ముకున్నారు. 2017 డిసెంబర్‌లో పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రాసమ్ ఆ వరుసను భాషా నియమంగానే ఖాయం చేశారు. 2018 జూన్‌లో వచ్చిన 3.7 మాన్యువల్‌లోకి ఆ హామీ ఎక్కింది. ఒక హెచ్చరిక పోయి ఒక హామీ వచ్చింది, అంతే. ఆ తర్వాత ఎవరైనా డిక్షనరీ అమలును వేగవంతం చేయాలనుకుంటే ఆ ఒక్క వాక్యానికి కట్టుబడి చేయాల్సిందే.

దీనికి పూర్తిగా ఎదురు కథ సీ భాషలోని మెమ్‌కాపీది. మెమరీలో ఒక చోట ఉన్న బైట్లను మరో చోటికి కాపీ చేసే ఫంక్షన్ అది. ఆ రెండు చోట్లు ఒకదాని మీదికి ఒకటి రాకూడదని, వస్తే మెమ్‌మూవ్ వాడమని నియమం ఎప్పటి నుంచో రాసే ఉంది. దాన్ని మీరినా చాలాసార్లు పని నడిచిపోయేది కాబట్టి పట్టించుకోనివాళ్లు పట్టించుకోలేదు. 2010లో, లినక్స్‌లో సీ ప్రోగ్రామ్‌లు వాడుకునే గ్లిబ్‌సీ లైబ్రరీ వాళ్లు వేగం కోసం కొన్ని ప్రాసెసర్లపై బైట్లు కాపీ అయ్యే వరుస మార్చారు. ఫెడోరా 14 అనే లినక్స్ వాడుతున్నవాళ్లకు, బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే అడోబీ ఫ్లాష్‌లో ఆడియో పాడైపోయింది. ఫ్లాష్ ప్లేయర్ సరిగ్గా మాన్యువల్ వద్దన్న పనే చేస్తోంది మరి.

లైబ్రరీ వైపు న్యాయం ఉంది, రాసిపెట్టిన నియమాన్ని వాళ్లు మీరలేదు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మాత్రం ఒప్పుకోలేదు. నిన్నటిదాకా బాగున్న ప్రోగ్రామ్ ఇవాళ చెడిపోతే, నియమం ఏం చెప్పిందన్నది మామూలు యూజర్‌కు అనవసరం అన్నది ఆయన వాదన. చివరికి గ్లిబ్‌సీ 2.14లో పాత ప్రోగ్రామ్‌లకు పాత ప్రవర్తన, కొత్తగా కంపైల్ చేసేవాటికి కొత్తది దక్కేలా సర్దారు. ఇవాళ లినక్స్ మాన్యువల్‌లో మెమ్‌కాపీ పేజీ (మ్యాన్ పేజీ) తెరిస్తే ఈ గొడవ ప్రస్తావన కనిపిస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చేది ఆ ప్రస్తావనే. నియమం రెండు దశాబ్దాల ముందు నుంచీ ఉన్నా, మీరితే ఏమవుతుందో చూపే ఉదాహరణ పక్కన లేదు. అక్షరాలా తప్పు లేని పేజీలో కూడా దిద్దాల్సింది ఉంటుందని అప్పుడు తెలిసింది.

దిద్దే దారి ఇప్పుడు బాగా సులువైంది. పైథాన్ మాన్యువల్ ఒకప్పుడు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతిలో ఉండేది. 2008లో 2.6 వెర్షన్‌తో స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌లోకి మారింది. 2017లో ప్రాజెక్టు, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌కు వచ్చాక బ్రౌజర్‌లోనే వాక్యం మార్చి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చుకోండి అనే అభ్యర్థన) పంపొచ్చు. టైపోకు విడిగా ఇష్యూ (ఫిర్యాదు) తెరవక్కర్లేదు, మార్పుల చిట్టాలో ఎంట్రీ కూడా అక్కర్లేదు. మార్పు మెర్జ్ అయ్యాక, అంటే అసలు ప్రాజెక్టులో కలిశాక, అదే మార్పును పాత వెర్షన్లకు పంపే పని ఒక బాట్ మొదలుపెడుతుంది.

సులువైనంత మాత్రాన ఉచితం కాదు. పంపినవాళ్లకు కనిపించని ఖర్చు ఒకటి అనువాదాల దగ్గర పడుతుంది. జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ పైథాన్ డాక్యుమెంటేషన్‌లో ప్రతి పేరా అనువాదం దాని ఇంగ్లిష్ మూలంతో అక్షరం పొల్లుపోకుండా జతపడి ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒక్క కామా మారినా ఆ జత తెగుతుంది, అనువాదానికి 'ఫజీ' (మళ్లీ సరిచూడాలి) అనే గుర్తు పడుతుంది. అనువాదకులు వచ్చి మళ్లీ సరే అనేదాకా కొరియన్ పేజీ మధ్యలో ఆ పేరా ఇంగ్లిష్‌లో దర్శనమిస్తుంది. అందుకే అర్థంలో తేడా లేకుండా 'ఈ వాక్యం ఇంకాస్త అందంగా ఉంటే బాగుండు' అని పంపే మార్పులంటే నాకు గౌరవం తక్కువ.

ఇక యంత్రాల సాయం సంగతి. మాన్యువల్‌లోని ఉదాహరణలను రన్ చేసి చూసే డాక్‌టెస్ట్ పైథాన్‌లో ఉంది. రస్ట్ భాషలో డాక్యుమెంటేషన్ ఉదాహరణలు మామూలు టెస్టులతో పాటే రన్ అవుతాయి. గో భాషలో ఉదాహరణ కింద రాసిన అవుట్‌పుట్ నిజంగా వస్తోందో లేదో చూస్తారు. ఇవన్నీ కోడ్‌ను పరీక్షిస్తాయి, దాని చుట్టూ ఉన్న వాక్యాలను చదవలేవు. యూనిఫామ్ దగ్గర లేని సమాన గుర్తును పట్టుకోవడానికి మనిషే కావాలి.

మనుషులు వస్తున్నారు కూడా, కాకపోతే ఎలా వస్తున్నారన్నదే తలనొప్పి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్ అందరికీ తెరిచి ఉంచినవాటికి) జనం మార్పులు పంపేలా ప్రోత్సహించడానికి డిజిటల్ ఓషన్ కంపెనీ 2014లో మొదలుపెట్టిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో, 2020 నాటికి అక్టోబర్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఇచ్చేవారు. ఆ ఏడాది రీడ్‌మీ ఫైళ్లలో (ప్రాజెక్టు పరిచయం రాసే చోట) 'అద్భుతమైన ప్రాజెక్ట్' లాంటి మాటలు చేర్చి పంపిన రిక్వెస్టులు ఎన్ని వచ్చాయంటే, కొద్ది రోజుల్లోనే నిర్వాహకులు నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే కార్యక్రమాన్ని పరిమితం చేశారు. 2024 మొదట్లో, జావాస్క్రిప్ట్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకు ఇదే గతి పట్టింది. మన దేశంలో బాగా చూసిన ఒక యూట్యూబ్ పాఠంలో పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో ఆ ప్రాజెక్టు రిపాజిటరీ (కోడ్ ఉంచే చోటు) మీదే చూపించారు. చూసినవాళ్లు నిజంగానే రీడ్‌మీలో తమ పేర్లు రాసి పంపారు.

ఈ పిల్లల్ని తిట్టి లాభం లేదు. ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉన్న బీటెక్ విద్యార్థికి గిట్‌హబ్‌లో పచ్చ గళ్లు (ఏ రోజు పని చేశారో చూపే గుర్తులు) ఉండాలని సీనియర్లు చెబుతారు, రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ అన్న మాట కనబడాలని ట్రైనర్లు చెబుతారు. కానీ అవతల ఒక మెయింటెయినర్ (ప్రాజెక్టు చూసుకునే మనిషి) కూర్చుని ప్రతి రిక్వెస్ట్ తెరవాలి, చదవాలి, మర్యాదగా మూసేయాలి. ఒక్క అక్షరం మార్పుకైనా, వెయ్యి లైన్ల మార్పుకైనా రివ్యూ వరుసలో ఒకే చోటు పడుతుంది. తప్పులు వెతుక్కుంటూ పోయి దిద్దేవాళ్లకు, పని చేసుకుంటూ తప్పుకు తగిలి దిద్దేవాళ్లకు తేడా ఆ రిక్వెస్ట్ కింద రాసిన నాలుగు లైన్లలోనే తెలిసిపోతుంది. ఏ వెర్షన్‌లో చూశారు, ఏం రన్ చేశారు, మాన్యువల్ ప్రకారం ఏం రావాలి, ఏం వచ్చింది. ఈ నాలుగూ రాయగలిగితే మొదటి ఏడాది విద్యార్థి పంపినా మెయింటెయినర్‌కు పని తగ్గుతుంది.

నా అసలు ఫిర్యాదు విద్యార్థుల మీద కాదు, ఉద్యోగం చేస్తున్నవాళ్ల మీద, ఇంకా చెప్పాలంటే వాళ్ల కంపెనీల మీద. హైదరాబాద్‌లో, బెంగళూరులో రోజూ ఈ మాన్యువల్స్ చదివి జీతం తీసుకునేవాళ్లకు తప్పులు కనబడక కాదు. పైథాన్‌కు మార్పు పంపాలంటే కాంట్రిబ్యూటర్ ఒప్పందంపై సంతకం చేయాలి. రాసింది తనదేనా, కంపెనీదా అన్న ప్రశ్న అక్కడ వస్తుంది. లీగల్ వాళ్లకు మెయిల్ పెట్టి, మేనేజర్‌ను ఒప్పించి, రెండు వారాలు ఎదురుచూసి ఒక సమాన గుర్తు చేర్చేంత ఓపిక ఎవరికుంటుంది? డాక్యుమెంటేషన్ దిద్దుబాట్లకు విడిగా అనుమతి అడగక్కర్లేదని పాలసీలో ఒక్క లైన్ రాయడానికి ఏ కంపెనీకీ ఖర్చు కాదు.