పైనుంచి ఫోనొచ్చింది

మనుషులు పెద్దల మాట ఎంతదాకా వింటారో తేల్చడానికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆయన 1961లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పాపం, అంత శ్రమ ఎందుకు పడ్డాడో! మన మండలాఫీసు వరండాలో ఒక పూట కూర్చుంటే తేలిపోయేది.

సంగతి చాలామంది వినే ఉంటారు. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషుల్ని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. పక్కగదిలోని మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల నుంచి 450 వోల్టుల దాకా షాక్ పెంచుకుంటూ పోవాలి. నిజానికి కరెంటూ లేదు, షాకూ లేదు, అవతలి మనిషిది నటన. మీట నొక్కేవాడికి మాత్రం ఆ ముక్క చెప్పలేదు. 300 వోల్టుల దగ్గర అవతలివాడు గోడ బాదుతాడు. కాసేపటికి చప్పుడే ఉండదు. అయినా 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. చెమటలు పట్టాయి, వణుకు పుట్టింది, కొందరికి ఆపుకోలేని నవ్వు కూడా వచ్చింది. నొక్కడం మాత్రం ఆపలేదు.

ఇది విని ప్రపంచం నివ్వెరపోయిందట. నా దిగులంతా మధ్యలో లేచిపోయిన ఆ 14 మంది గురించే. అలాంటివాళ్లతో ఆఫీసులు ఎలా నడుస్తాయి?

అసలు అక్కడి పద్ధతులే నాసిరకం. జంకినవాడికి, ప్రయోగం నడిపే బూడిదరంగు కోటు సారు "దయచేసి కొనసాగించండి" దగ్గర మొదలుపెట్టి "మీకు వేరే దారి లేదు" దాకా నాలుగు మెట్లు ఎక్కాలి. ఒక్క మనిషికి నాలుగు వాక్యాలు! మన దగ్గర "సారు మనసులో ఇంకోటుందేమో" అని అటెండరు గొణిగితే చాలు, ఫైలు తనంతట తనే దారి మార్చుకుంటుంది. ఇంకో ఘోరం వినండి. సారు గదిలోంచి వెళ్లిపోయి ఫోన్లో ఆదేశాలిస్తే, చివరిదాకా వెళ్లినవాళ్లు అయిదో వంతుకు పడిపోయారు. కొందరైతే చిన్న షాకే ఇస్తూ, పెంచుతున్నామని సారుతో అబద్ధమాడారు. ఫోనుకు ఆ మాత్రం మర్యాద లేని దేశం అది! మనకు ఫోనే అసలు ఆర్డరు. కాగితమైతే ఏదో ఒకరోజు ఎవరికో దొరుకుతుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మరొకటి. "వాడికేమైనా అయితే బాధ్యత ఎవరిది?" అని అడిగితే ఆ సారు "నాదే" అనేవాడు. ఎంత అమాయకత్వం! మన సార్లలో ఎవరి నోటైనా ఆ మాట విన్నారా? గుడిసె కూలిందనుకోండి. జేసీబీ డ్రైవరు ఆర్‌ఐ గారు చూపించిన చోటే తీశానంటాడు. ఆర్‌ఐ తహసీల్దారు గారు పొమ్మన్నారంటాడు. తహసీల్దారు పైనుంచి ఒత్తిడి అంటాడు. ఆ పైన అడిగితే కింది నుంచి వచ్చిన రిపోర్టు ప్రకారమే నడుచుకున్నామంటారు. మొత్తం మీద గుడిసె తనకు తానే కూలింది. ఆక్రమణ కేసు మాత్రం గుడిసెవాడి మీదే.

మిల్‌గ్రామ్ కూడా ఒకసారి మన దరిదాపుల్లోకి వచ్చాడు. మీట ఇంకొకడు నొక్కుతుంటే పక్కన కూర్చుని ప్రశ్నలు చదివే పని మాత్రం అప్పగిస్తే, 40 మందిలో 37 మంది ఆఖరిదాకా కదల్లేదు. "నేను నోట్ పెట్టానంతే, సంతకం నాది కాదుగా" అనే మనవాళ్లు ఆ 37 మందికి దూరపు చుట్టాలై ఉండాలి.

ఇక మన నియమావళిలో ఒక ప్రమాదకరమైన నిబంధన ఉంది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం నోటిమాట ఆదేశాలు వీలైనంత వరకు ఇవ్వకూడదు. ఇస్తే కిందివాడు రాతపూర్వకంగా అడగాలి, పైవాడు రాసివ్వాలి. ఎవరో సరదాకి రాసి ఉంటారు. దాన్ని నిజమనుకునే గుమస్తా ఎక్కడో ఒకడు ఉండనే ఉంటాడు, అదీ చిక్కు. పైగా ఇది అంటువ్యాధి. తోటివాళ్లు ఇద్దరు లేచి "మా వల్ల కాదు" అన్న విడతలో మిల్‌గ్రామ్ సారుకు చివరిదాకా మిగిలింది 40 మందిలో నలుగురే. మనవాళ్లు ఆ పరిశోధన చదవకుండానే మందు కనిపెట్టారు. అలాంటి గుమస్తాలు ఒకే సెక్షన్లో ఇద్దరుంటే చెరో జిల్లాకు పంపిస్తారు. "పరిపాలనా కారణాల రీత్యా" అని, వాళ్లు కోరుకున్నట్టే, రాతపూర్వకంగా.