నాలుగు పచ్చి గుడ్లు, ఐదు సూత్రాలు

మా ఫ్యామిలీ గ్రూపులో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పేరు "కండ పెరగడానికి ఐదు సూత్రాలు". బాబాయి పెట్టాడు, పిన్ని దండం బొమ్మ కొట్టింది. జిమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు మర్నాడు పొద్దున్నే నాలుగు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని, ముక్కు మూసుకుని తాగేశాడు. ఆ గ్లాసు కడిగింది నేను. అందుకే ఈ జవాబు.

మొదటి సూత్రం: గుడ్డు పచ్చిగా తాగితేనే బలం, ఉడికిస్తే సత్తువ పోతుంది. విషయం సరిగ్గా దీనికి తిరగబడి ఉంది. 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూస్తే, ఉడికిన గుడ్డు ప్రొటీన్‌లో దాదాపు 90 శాతం ఒంటికి పట్టింది, పచ్చి గుడ్డులో సగమే. అంటే మావాడు నాలుగు తాగి రెండింటి ఫలితం దక్కించుకున్నాడు. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బాక్టీరియా భయం అదనం.

రెండో సూత్రం: అన్నం పూర్తిగా మానేయాలి. బరువులెత్తేటప్పుడు కండ ఎక్కువగా ఖర్చు చేసేది తనలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వనే. అది తయారయ్యేది అన్నం, రొట్టె లాంటి వాటి నుంచే. అన్నం మానేసి దాని బదులు ఏమీ తినకపోతే మొత్తం తిండే తగ్గిపోతుంది, ఇక కండ దేంతో కట్టుకోవాలి?

మూడో సూత్రం ఇంకా తమాషా. అన్నం మానమన్న నోటితోనే "మన పప్పన్నంలో కావలసినంత ప్రొటీన్ ఉంది" అంటుంది. పప్పన్నం జోడీ మంచిదే. ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, అది పప్పులో దొరుకుతుంది. గొడవంతా కొలతలోనే. మా అమ్మ నలుగురికి పప్పు వండడానికి తీసే చిన్న గ్లాసు కందిపప్పును వంటింటి త్రాసులో పెట్టి చూశాను. 110 గ్రాములు. అందులో ప్రొటీన్ సుమారు 24 గ్రాములు. మనిషికి ఆరు!

తమ్ముడి బరువు 65 కిలోలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. వాడికి 54 గ్రాములన్నమాట. బరువులెత్తేవాళ్ళకి 1.6 గ్రాముల దాకా తింటే ఉపయోగం, ఆ పైన తిన్నా అదనంగా కండ రాదు. ఆ లెక్కన 104. గరిటెడు పప్పుతో అక్కడిదాకా వెళ్ళలేం. రెండు పూటలా పప్పు 12, పావుకిలో బియ్యం అన్నం 18, ఉడికించిన గుడ్లు నాలుగు 24, యాభై గ్రాముల మీల్‌మేకర్ 26, అర లీటరు పాలో పెరుగో 16, గుప్పెడు పల్లీలు 8. అంతా కలిపితే సరిపోయింది. పౌడర్ డబ్బా అవసరం పడలేదు. ఆ సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే అన్నాయి. నా మటుకు పౌడర్ విషమేమీ కాదు, ఎక్కువగా పాల నుంచి తీసిందే, కాకపోతే ఖరీదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఏ రూపంలోనైనా ప్రొటీన్ పెంచేముందు డాక్టర్‌ని అడగాల్సిందే.

నాలుగోది: జిమ్ మానేస్తే కండంతా కొవ్వుగా మారిపోతుంది. వంకాయ బెండకాయ అవుతుందా? ఇదీ అంతే, రెండూ వేర్వేరు కణాలు. మానేస్తే కండ తగ్గుతుంది. జిమ్ రోజుల నాటి తిండి మాత్రం తగ్గదు. పొట్ట వచ్చేది అందుకే.

ఐదోది: ఆడవాళ్ళు, 40 దాటినవాళ్ళు బరువులు ముట్టుకోకూడదు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన దేశంలో ఈ మాట ఇంకా నడుస్తోంది. మగవాళ్ళలా కండలు తిరిగిపోతాయన్న భయం అనవసరం. కండలు పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ ఆడవాళ్ళలో చాలా తక్కువ.

అసలు ఈ ఐదింట్లో ఎక్కడా లేని మాట ఒకటుంది. ఎత్తే బరువు పెంచుకుంటూ పోవడం. తమ్ముడు మూడు నెలలుగా అవే ఐదు కిలోల డంబెల్స్ ఊపుతున్నాడు. పన్నెండుసార్లు సులువుగా వస్తున్నాయంటే ఆ బరువుతో ఇక కండకి పనిలేదు, కాస్త పెంచాలి. అది చేయకుండా ఎన్ని గుడ్లు తిన్నా దండగే.

ఇక వయసు సంగతి. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. పూర్తిచేసిన తొమ్మిది మందిలో బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ కూడా పెరిగింది. ఇది పిన్నికి చెప్తే "నా మోకాళ్ళు చూశావా?" అంది. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమన్నాను. ఆరోసారికి ఆయాసపడి ఆగింది. నిన్న ఫోన్ చేసి తొమ్మిది అంది.