స్కాన్‌ చెప్పేది సగమే

డెబ్బై దాటినవారికి న్యుమోనియా వస్తే జ్వరం ఉండకపోవచ్చు, దగ్గూ అంతంతమాత్రమే. తిండి సయించదు, మాట తడబడుతుంది, నడుస్తూ నడుస్తూ పడిపోతారు. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకుంటారు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే యాంటీబయాటిక్‌ మొదలవుతుంది. అందులో తప్పులేదు, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. నాలుగైదు రోజులైనా గుణం కనిపించకపోతే మరింత బలమైన యాంటీబయాటిక్‌, దానికీ లొంగకపోతే ఇంకొకటి. కారణం ఫంగస్‌ అయితే ఇవేవీ దాన్ని తాకలేవు. మొదటి మందు పనిచేయలేదని తేలిన రోజే, రెండోది ఎక్కించేలోపే సీటీ స్కాన్‌ తీయాలి.

బ్యాక్టీరియా న్యుమోనియాలో తరచూ ఊపిరితిత్తిలో ఒక భాగం తెల్లగా గట్టిపడుతుంది. ఆ తెలుపులో గాలిగొట్టాలు నల్లని కొమ్మల్లా కనిపిస్తాయి. ఆస్పర్జిల్లస్‌ ఫంగస్‌ రక్తనాళాల్లోకి చొరబడితే కనిపించేది వేరు: గుండ్రటి గడ్డ, దాని చుట్టూ పలచటి మసక వలయం. ఆ మసక, చుట్టూ ఊరిన రక్తం. దీన్నే ‘హేలో’ అంటారు. తొలి రోజుల్లోనే కనిపించి క్రమంగా చెరిగిపోతుంది కాబట్టి ఆలస్యంగా తీసిన స్కాన్‌కు అది చిక్కదు. ఇందుకు తిరగేసినట్టు మధ్యలో మసక, అంచున గట్టి వలయం ఉంటే బ్లాక్‌ ఫంగస్‌ అని పిలిచే మ్యూకర్‌ను అనుమానించాలి. పాత క్షయ మిగిల్చిన గుల్లలో పెరిగిన ఫంగస్‌ ఉండైతే, రోగిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీసినప్పుడు చాలాసార్లు చోటు మారుతుంది.

అయితే ఈ హేలో గుర్తును ఎక్కువగా గమనించింది రక్త క్యాన్సర్‌ చికిత్సలో తెల్లకణాలు పడిపోయినవారిలో. ఏళ్ల తరబడి ఆయాసంతో స్టెరాయిడ్లు వాడుతున్న వృద్ధుల్లో ఫంగస్‌ అంత స్పష్టంగా బయటపడదు. గాలిగొట్టాల వెంబడి మచ్చలు మాత్రమే ఉంటే బ్యాక్టీరియాకూ దానికీ తేడా పట్టడం కష్టం. క్యాన్సర్‌, క్షయ కూడా హేలోను చూపగలవు. రెండు ఇన్ఫెక్షన్లూ ఒకేసారి ఉండొచ్చు. అందుకే 2020 నాటి అంతర్జాతీయ నిర్వచనాలు స్కాన్‌ గుర్తు ఒక్కదాన్నే చాలనలేదు. రోగిలో ముప్పు కారణం, ల్యాబ్‌లో ఫంగస్‌ ఆధారం కూడా ఉంటేనే ‘బహుశా ఫంగస్‌’ అనమన్నాయి. ఆస్పర్జిల్లస్‌ ఆనవాలును పట్టే గెలాక్టోమానన్‌ పరీక్షను రక్తంలో చేసేకంటే, గొట్టం దించి ఊపిరితిత్తి కడిగిన ద్రవంలో చేస్తే ఇలాంటివారిలో ఎక్కువ ఫలితం. బక్కచిక్కిన మనిషి ఆ గొట్టం పరీక్షకు తట్టుకుంటారా లేదా అన్నది మంచం పక్కనున్న డాక్టరే తేల్చాలి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది స్కాన్‌ గదికి వెళ్లే చీటీ. దాని మీద ‘న్యుమోనియా’ అన్న ఒక్క మాటే ఉంటే రేడియాలజిస్ట్‌ కళ్లకు గంతలు కట్టినట్టే. స్టెరాయిడ్లు ఎన్నాళ్లుగా వాడుతున్నారు, షుగర్‌ ఎంతుంది, గతంలో క్షయ వచ్చిందా, యాంటీబయాటిక్‌ ఎన్ని రోజులు నడిచింది? ఈ నాలుగూ లేని చీటీని వెనక్కి పంపే అధికారం రేడియాలజీ విభాగానికి ఇవ్వాలి. ఊపిరితిత్తి గుల్లబారి ఉంటే ఆ సంగతీ రాయాలి. అలాంటిచోట మామూలు న్యుమోనియా కూడా చిల్లులు పడ్డట్టు కనిపించి తప్పుదోవ పట్టిస్తుంది. బ్యాక్టీరియానా, ఫంగసా అన్న ప్రశ్నకు సాధారణంగా రంగు మందు ఎక్కించని స్కాన్‌ సరిపోతుంది కాబట్టి, కిడ్నీల భయంతో వాయిదా వేయనక్కర్లేదు.

ఎందుకైనా మంచిదని ఫంగస్‌ మందు కూడా కలిపేయడం దీనికి విరుగుడు కాదు. ఫంగస్‌ మందుల్లో వోరికొనజోల్‌, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తోనూ, కొన్ని కొలెస్ట్రాల్‌ మాత్రలతోనూ పడదు. యాంఫోటెరిసిన్‌ కిడ్నీలను దెబ్బతీయగలదు. రోజూ వేసుకునే మాత్రల జాబితాను కుటుంబసభ్యులు తొలిరోజే డాక్టర్‌ చేతికివ్వాలి. ఫంగస్‌ మందు రాసేముందు డాక్టర్‌ ఆ జాబితాను వరుసగా చదవాలి.