అన్‌గవర్నబుల్ అట, ఎవరికి?

అన్‌గవర్నబుల్ అనే ఇంగ్లీష్ మాటకి డిక్షనరీలో అర్థం చూస్తే అదుపు చెయ్యలేనిది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా పేచీ అంతా ఆ ముక్కతోనే. ఎవరు అదుపు చెయ్యలేనిది? ఆ 'ఎవరు' అన్నది మాటలో ఎక్కడా కనపడదు. చేతకానిది పాలించేవాడికైతే లోపం మాత్రం కిందున్నవాడి ఒంట్లోనే ఉన్నట్టు, వాడి పుట్టుకే అంత అన్నట్టు చెప్పేస్తుంది. చాలా కాలంగా ఈ మాట చేస్తున్న పని ఇదే అని నేనంటాను.

గవర్న్ అనేదానికి మూలం గ్రీకు, ఓడ చుక్కాని పట్టి నడపడం అని అర్థం, అక్కణ్ణుంచి లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చింది. ఎటు పోవాలో ఓడని ఎవరూ అడగరు కదా! పాత ఇంగ్లీష్ రాతల్లో పట్టలేని కోపానికి, ఆవేశానికి, కళ్లెం లాగినా ఆగని గుర్రానికి అన్‌గవర్నబుల్ అని వాడేవాళ్లు, అక్కడిదాకా ఎవరికీ నష్టం లేదు. చట్టంలోకి ఎక్కాకే అసలు కథ మొదలైంది.

అమెరికాలో న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు చట్టమే చూడండి. దొంగతనం చెయ్యకపోయినా, ఎవర్నీ కొట్టకపోయినా, పెద్దల మాట వినట్లేదంటే చాలు పిల్లల్ని కోర్టుకి లాగొచ్చు, అక్కడ వాడిన మాటలు ఇన్‌కారిజిబుల్ (అంటే దిద్దలేనివాళ్లు), అన్‌గవర్నబుల్. అదే పని పెద్దవాళ్లు చేస్తే అసలు నేరమే కాదు. ఇంకా దారుణం ఏంటంటే ఈ రూల్ మొదట్లో మగపిల్లలకి 16 ఏళ్లు నిండేదాకే, ఆడపిల్లలకి మాత్రం 18 దాకా. అంటే 17 ఏళ్ల అబ్బాయి రాత్రిళ్లు ఇంటికి రాకపోతే కుర్రతనం, అదే వయసు అమ్మాయి రాకపోతే కోర్టు కేసు. ఈ తేడా చెల్లదని 1972లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు కొట్టేసింది. ఆ అమ్మాయిలు నిజంగా ఎలాంటివాళ్లో ఆ మాట చెప్పదు, ఆడపిల్ల ఎలా ఉండాలని చట్టం రాసినవాళ్లు అనుకున్నారో అది మాత్రం బాగా చెప్తుంది.

ఇప్పుడు దక్షిణాఫ్రికాకి రండి, ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే ఘట్టం అక్కడే ఉంది. అప్పుడక్కడ తెల్లవాళ్లదే పాలన. 1983 రాజ్యాంగంలో నల్లవాళ్లకి పార్లమెంటులో చోటు లేకుండా చేసిన సంగతి, 1984 సెప్టెంబర్‌లో వాల్ ప్రాంతం టౌన్‌షిప్పులు (నల్లవాళ్లని విడిగా ఉంచిన పేటలు) అద్దెల పెంపు మీద భగ్గుమన్న సంగతి తెలిసిందే. 1985 జనవరి 8న, తెల్లవాళ్ల పాలన మీద పోరాడుతున్న ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) వార్షికోత్సవం రోజు, ప్రవాసంలో ఉన్న దాని అధ్యక్షుడు ఆలివర్ టాంబో ఇచ్చిన పిలుపు ఏంటంటే, దేశాన్ని అన్‌గవర్నబుల్ చెయ్యండి అని! పాలకులు తిట్టుగా వాడే మాటనే లాక్కుని కార్యక్రమంగా మార్చేశాడు. మమ్మల్ని పాలించడం మీ వల్ల కాదు అంటున్నారా, సరే, అదే నిజం చేస్తాం, కానీ చేతకానిది మీకు అని.

మరి అలా 'పాలించలేని' చోట లోపల ఏం జరుగుతోంది? ఈస్టర్న్ కేప్‌లో క్రాడక్ అని చిన్న ఊరు, దాని పక్కన లింగెలిష్లే టౌన్‌షిప్పు. అక్కడ మాథ్యూ గోనివే అనే స్కూలు మాస్టారు వీధి వీధికీ కమిటీలు పెట్టించాడు, ఏ వీధి గొడవ ఆ వీధివాళ్లే కూర్చుని మాట్లాడుకునేలాగ. ప్రభుత్వం పెట్టిన టౌన్ కౌన్సిల్ సభ్యులు రాజీనామా చేసి పోయారు. ఆయన్ని ట్రాన్స్‌ఫర్ చేసి, ఒప్పుకోకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తే పిల్లలు నెలల తరబడి స్కూళ్లు బహిష్కరించారు. ప్రిటోరియాలో కూర్చున్న ప్రభుత్వం లెక్కలో అదుపు తప్పిన ఊరు అది, కానీ నన్నడిగితే ఆ దేశంలో జనం ఒప్పుకున్న పాలన అంటూ నడిచింది ఇలాంటి వీధుల్లోనే. 1985 జూన్‌లో గోనివేని, ఇంకో ముగ్గుర్ని సెక్యూరిటీ పోలీసులు చంపేశారు. జూలై 20న ఆ నలుగురి అంత్యక్రియలకి వేల మంది కదిలొచ్చారు, అదే రోజు దేశాధ్యక్షుడు పి.డబ్ల్యు. బోథా ఎమర్జెన్సీ ప్రకటించాడు. ఇందులో అదుపు తప్పింది ఎవరో మీరే చెప్పండి.

టౌన్‌షిప్పుల్లో పోలీసు ఇన్‌ఫార్మర్ అని అనుమానం వస్తే మెడలో టైరు వేసి పెట్రోల్ పోసి తగలబెట్టారు కదా, అదీ ఈ పిలుపు పుణ్యమే కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ చావులు నిజం, ఘోరం, వాటిని నేను సమర్థించను. తర్వాత 1995లో మండేలా ప్రభుత్వమే మసఖానే అని క్యాంపెయిన్ పెట్టి అయ్యా బిల్లులు కట్టండి అని, పోరాటంలో అవి కట్టడం మానేసిన జనాన్ని అడగాల్సి వచ్చిన మాటా నిజమే. కానీ అది కూడా నా వాదనకే బలం, ఎందుకంటే ఓటు చేతికొచ్చాక అదే జనాన్ని తుపాకీతో కాకుండా బతిమాలి ఒప్పించాల్సి వచ్చింది, పాలన అంటే అదే.

ఇదంతా దూరపు దేశాల గొడవ అనుకోకండి, మన గడ్డ మీద ఇదే ఆలోచన ఊళ్లకి ఊళ్లే కట్టింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్తులని, వీళ్లని కాపలాలో పెట్టాల్సిందేనని తీర్మానించింది, 1911లో మద్రాస్ ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం పుట్టింది అలాగే, ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టి, ఒక తెల్లదొర పేరు ఊరికి తగిలించారు. చట్టం 1952లో పోయింది గానీ ఊరి పేరు చెప్తే ఎగాదిగా చూడటం పోలేదు. అడవి మీద, ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీ, తర్వాత సర్కారు పెట్టిన కట్టడీ, కొత్తగా వచ్చిన రోడ్లూ రైళ్లూ కలిసి వాళ్ల పాత వర్తకాన్ని ఎలా మింగేశాయో ఎవరూ చెప్పరు, వాళ్లు దారికి రారు అన్న మాట మాత్రం తరాలుగా నడిచింది.

ఇవాళ దాని వారసుడు రౌడీ షీట్. కోర్టు దోషి అని తేల్చేదాకా ఆగక్కర్లేదు, స్టేషన్‌లో షీట్ తెరిస్తే చాలు, ఎలక్షన్లొచ్చినా పండగలొచ్చినా కౌన్సెలింగ్ అని పిలిపించి లైన్లో కూర్చోబెడతారు, ఆ ఫోటోలు మర్నాడు పేపర్లో వస్తాయి. నిజంగా భయపెట్టి బతికేవాళ్లు ఆ లైన్లో లేరని నేననను, వాళ్ల మీద కేసు పెట్టి కోర్టులో రుజువు చెయ్యండి. కానీ షీట్ ఎందుకు తెరిచారో, ఏటేటా ఎందుకు కొనసాగిస్తున్నారో రాతపూర్వకంగా ఆ మనిషి చేతికివ్వాలి, దాని మీద అతను మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారి చట్టంలోనే ఉండాలి. రెండు రాష్ట్రాల అసెంబ్లీలూ తల్చుకుంటే ఒక్క సెషన్‌లో అయ్యే పని ఇది.